నగరం ఒకటే, జిల్లాలు నాలుగు: మన పిల్లల ఉద్యోగాలకు, స్కిల్ ట్రైనింగ్‌కు ప్లాన్ ఎవరు వేయాలి?

జీడిమెట్ల ట్రైనర్
అందరికీ నమస్కారం. జీడిమెట్లలో ఒక మెషినింగ్ యూనిట్‌లో కొత్తగా చేరే పిల్లలకు పని నేర్పడం నా డ్యూటీ. చాలా కాలంగా మనసులో ఉన్న విషయం ఇక్కడ పెడుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకరిది షాద్‌నగర్, ఒకరిది ఇబ్రహీంపట్నం, ఒకరిది పటాన్‌చెరు. యూనిట్ ఉన్నది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, వాళ్లు చదివిన ఐటీఐ ఇంకో జిల్లాలో. స్కిల్ ప్లాన్ మాత్రం జిల్లాకొకటి. 2018లో మొదలైన సంకల్ప్ పథకం కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్కిల్ కమిటీ, దాని చేతికి ఒక జిల్లా ప్లాన్ అన్నారు. ఆలోచన మంచిదే. ఆదిలాబాద్‌కో, ఖమ్మానికో సరిపోతుంది. మన దగ్గర ఎలా కుదురుతుంది? పేరుకు హైదరాబాద్ అంటాం గానీ హైటెక్ సిటీ రంగారెడ్డి జిల్లాలో ఉంది, బాలానగర్ మేడ్చల్ జిల్లాలో, పటాన్‌చెరు సంగారెడ్డి జిల్లాలో. హైదరాబాద్ జిల్లాలో మల్లేపల్లి ఐటీఐ ఉంది, అందులో చదివినవాళ్లకు కావలసిన ఫ్యాక్టరీలు ఎక్కువ భాగం జిల్లా బయటే ఉన్నాయి.

నేను అడిగేది ఒక్కటే. ఉద్యోగాలు, శిక్షణ వరకు ఈ నాలుగు జిల్లాలకూ కలిపి ఒకే ప్లాన్ ఉండాలి. ఏ పారిశ్రామిక బెల్టులో ఏ పని ఉంది, దానికి ఏ ట్రేడ్ కావాలి, ఉదయం ఆరింటి షిఫ్టుకు ఆ గేటు దగ్గరికి ఎవరు చేరగలరు అని చూసి సీట్లు పెట్టాలి. ఇప్పుడు సీట్లు ముందు వస్తున్నాయి, పని ఎక్కడుందో తర్వాత వెతుక్కుంటున్నాం.

బాలానగర్ షాపు
ట్రైనర్ గారూ, పూర్తిగా ఒప్పుకుంటాను. మాది చిన్న షాపు, కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు మూడు (రెండు సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు, ఒక వీఎంసీ), పాత లేత్‌లు. పెద్ద కంపెనీలకు జాబ్‌వర్క్ చేస్తాం.

ఈ మధ్య ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. టర్నర్ ట్రేడ్, రెండేళ్లు చదివాడు, మంచి మార్కులు. చేతికి ఒక షాఫ్ట్, మైక్రోమీటర్ ఇచ్చి డయామీటర్ చెప్పమన్నాను. పిల్లాడు నేరుగా బిగించి రీడింగ్ చెప్పేశాడు. కొలిచే ముఖాలు తుడవలేదు, జీరో చూసుకోలేదు. అతిగా బిగుసుకోకుండా ఆపే ర్యాచెట్ వాడకుండా, తిప్పే గొట్టం థింబుల్‌నే పట్టుకుని బిగించాడు. డ్రాయింగ్‌లో ఒప్పుకునే తేడా ప్లస్ ఆర్ మైనస్ 0.02 మిల్లీమీటర్లు. వాడు అలా కొలిస్తే ఆ తేడా కొలతలోనే వచ్చేస్తుంది. "మీ ఐటీఐలో ఎన్ని మైక్రోమీటర్లు ఉండేవి బాబూ" అని అడిగితే బ్యాచ్ మొత్తానికి ఒకటే, పరీక్ష రోజు తీసేవాళ్లు అన్నాడు. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు. తెలివైనవాడు, చూపిస్తే పది నిమిషాల్లో పట్టేశాడు. ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు.

రోబోటిక్స్ సెంటర్లు రానివ్వండి, సంతోషమే. వాటితో పాటు ప్రతి పిల్లాడి చేతికీ ఒక మైక్రోమీటర్, ఒక వెర్నియర్ రావాలి. ప్లాన్‌లో ఆ లైన్ కూడా రాయండి.

ఐటీఐ మేడం
బాలానగర్ షాపు గారి మాట చదివి మనసుకు కష్టంగా అనిపించింది, ఎందుకంటే అది నిజం. నేను ప్రభుత్వ ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్‌ని. లోపలి నుంచి రెండు విషయాలు చెబుతాను.

మొదటిది, ముడిసరుకు. వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. ఆ ఏడాదిలో పిల్లలు ఎలక్ట్రోడ్‌లు ఎన్ని కాలిస్తే చేయి అంత నిలబడుతుంది. ఎలక్ట్రోడ్‌లు, ప్లేట్లు లెక్కపెట్టి ఇస్తే పిల్లలు చూసి నేర్చుకోవాలి తప్ప చేసి నేర్చుకోలేరు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు ఉంటుంది మా పరిస్థితి. బిల్డింగ్‌కు నిధులు వస్తాయి, మెషిన్‌కు వస్తాయి. ఏటా అయిపోయే సరుకు దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది.

రెండోది, నేర్పేవాళ్లు. 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేసి రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రూ.2,324 కోట్ల ప్రాజెక్టు. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు. నేను నిండు మనసుతో స్వాగతిస్తున్నాను. నా విద్యార్థులు అలాంటి మెషిన్ దగ్గర నిలబడాలని ఎన్నాళ్ల నుంచో కోరుకున్నాను. కానీ ఆ మెషిన్ మీద నేర్పే మనిషి ఏటా కొన్ని వారాలు ఫ్యాక్టరీలో పని చేసి రావాలి. లేకపోతే మూడేళ్లకే మేము చెప్పేది పాతబడుతుంది. జీడిమెట్ల, బాలానగర్ యూనిట్లు మా ఇన్‌స్ట్రక్టర్లను సెలవుల్లో రానిస్తాయా? ఇక్కడ ఓనర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

బాలానగర్ షాపు
మేడం, మా షాపు తలుపు తెరిచే ఉంటుంది. రండి.

అమీర్‌పేట్ ఫ్రెషర్
అన్నలారా, అక్కలారా, ఐటీఐ మాటలేనా? బీటెక్ అయిపోయి మైత్రీవనం చుట్టూ కోచింగ్‌లకు తిరిగేవాళ్ల సంగతి కూడా చూడండి. హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు కట్టి ఫుల్ స్టాక్ నేర్చుకున్నాక డేటా సైన్స్ అంటారు, అది పూర్తయ్యేలోపు ఇంకోటి అంటారు. ఏ కోర్సుకు నిజంగా ఉద్యోగాలు ఉన్నాయో చెప్పేవాళ్లు కోచింగ్ వాళ్లే. అమ్మేవాడే సలహా ఇస్తే ఎలా? ప్రభుత్వం తరఫున స్కిల్స్ నేర్పే టాస్క్ సంస్థ ఉంది, 2014లో పెట్టారు, మా కాలేజీలో కొన్ని ట్రైనింగ్‌లు వాళ్లవే. అవి బాగున్నాయి. కానీ "ఈ మూడు నెలల్లో ఈ ఏరియాలో ఈ ఉద్యోగాలకు ఇంతమందిని తీసుకున్నారు" అనే లెక్క మాకు ఎక్కడా దొరకదు.

హెచ్‌ఆర్ మిత్ర
తమ్ముడూ, ఆ లెక్క రావడానికి చట్టం ఎప్పటి నుంచో ఉంది. 1959లో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల చట్టం ప్రకారం 25 మంది, అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాల్సి ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, ఖాళీలు తెలపాలన్న నియమం అందులోనూ ఉంది. పాత చట్టంలో కొన్ని రకాల ఉద్యోగాలకు మినహాయింపులు ఉండేవి. నా సర్వీసులో ఖాళీ వస్తే మేం కన్సల్టెన్సీకి ఫోన్ చేశాం, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాం, లేదంటే గేటుకు బోర్డు కట్టాం. ఎక్స్ఛేంజీకి రాయమని మమ్మల్ని గట్టిగా అడిగినవాళ్లూ లేరు. ఖాళీలు తెలిపే ఆ ఒక్క నియమం సరిగ్గా అమలైతే ట్రైనర్ గారు అడిగే బెల్టువారీ లెక్క సగం తయారైనట్టే.

ఐడీపీఎల్ పెద్దాయన
నాయనా, మీరు అడిగే ప్లాన్ ఈ నగరం ఒకసారి చేసి చూపించింది. కాస్త ఓపిగ్గా చదవండి.

1960లలో ఈ ఉత్తర, పడమర దిక్కున మందులు చేసే ఐడీపీఎల్, విమానాల పరికరాలు చేసే హెచ్‌ఏఎల్, రామచంద్రాపురంలో విద్యుత్ యంత్రాలు చేసే భెల్, తూర్పున ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్యాక్టరీ ఒక్కటే రాలేదు. దాంతో పాటు అప్రెంటిస్ స్కూలు, క్వార్టర్లు, షిఫ్టు బస్సు వచ్చాయి. చిన్న పరిశ్రమల వాళ్లకు నేర్పే సంస్థను 1962లో ఢిల్లీ నుంచి ఇక్కడికి తెచ్చి యూసుఫ్‌గూడలో పెట్టారు, అదే ఇప్పటి నిమ్స్‌మే. అచ్చులు, డైలు చేసే పనికి మనుషులు కావాలని 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) పెట్టారు. ఎక్కడ పెట్టారో చూడండి: పని ఉన్న చోటే పెట్టారు. సీఐటీడీలో నేర్చిన పిల్లాడు గేటు దాటి నడిచి వెళ్లేంత దూరంలో షాపులు.

ఫలితం ఏమైంది? పెద్ద ఫ్యాక్టరీల్లో పని నేర్చినవాళ్లు బయటికి వచ్చి బాలానగర్, కూకట్‌పల్లి, జీడిమెట్లలో సొంత షెడ్లు వేసుకున్నారు. మా ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇవాళ ఈ నగరాన్ని మందుల రాజధాని అంటున్నారంటే ఆ పునాది మీదే. ఒక తరానికి ఒళ్లు దగ్గర పెట్టుకుని పని నేర్పితే తర్వాతి తరానికి పరిశ్రమలు పుట్టాయి. ఐడీపీఎల్ మూతపడింది గానీ అక్కడ నేర్చిన విద్య మూతపడలేదు.

కాబట్టి శిక్షణ కేంద్రాన్ని భూమి చౌకగా దొరికిన చోట పెట్టకండి. పని పక్కన పెట్టండి. నా వయసువాడిగా గట్టిగా చెప్పగలిగేది ఇదే.

ప్లానింగ్ విద్యార్థి
పెద్దాయన గారికి నమస్కారాలు. మీరు చెప్పిన బెల్టులకు ఇప్పుడు వచ్చిన మార్పు గురించి చెప్పాలి. ఇది ఈ చర్చకు చాలా ముఖ్యం.

2025 నవంబరులో ప్రభుత్వం పారిశ్రామిక భూముల వాడకం మార్చుకోనిచ్చే హిల్ట్ పాలసీ తెచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని పక్కన ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాలు దీని కిందికి వస్తాయి. ఫీజు కట్టి ఆ స్థలాన్ని ఇళ్లకు, వాణిజ్యానికి, ఇతర అవసరాలకు మార్చుకోవచ్చు. కాలుష్యం ఊరి మధ్య నుంచి తగ్గాలన్నది కారణం, అందులో న్యాయం ఉంది. దీని మీద రాజకీయంగా పెద్ద గొడవే నడిచింది, నేను అటు వెళ్లను. నా ప్రశ్న వేరు. బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్‌లో యూనిట్లు ఒక్కొక్కటీ ఔటర్ అవతలికి వెళితే వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లు చింతల్‌లో, షాపూర్‌నగర్‌లో, జగద్గిరిగుట్టలోనే ఉంటాయి కదా. భూమి మార్పిడికి ఫీజు లెక్క రాశారు. ఆ మనుషులకు కొత్త పని నేర్పే లెక్క, కొత్త చోటికి చేర్చే లెక్క కూడా అదే కాగితంలో ఉండాలి.

నాలుగు జిల్లాలకు ఒకే ప్లాన్ అనే విషయానికి వస్తే, అలాంటి సంస్థ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1975లో వచ్చిన నగరాభివృద్ధి సంస్థ హుడా స్థానంలో 2008లో ఇంకా పెద్ద పరిధితో హెచ్‌ఎండీఏ వచ్చింది. జిల్లా గీతలు దాటి ప్లాన్ వేసే అధికారం దానికి ఉంది. 2013లో నోటిఫై అయిన 2031 మెట్రోపాలిటన్ ప్లాన్‌లో ఏ భూమి దేనికి వాడాలో రంగులు వేసి చూపించారు. పారిశ్రామిక జోన్‌కు ఊదా రంగు వేసిన చోట ఎన్ని ఉద్యోగాలు వస్తాయి, వాటికి ఏ చదువు కావాలి, ఆ చదువు దగ్గర్లో ఉందా అనే మరో మ్యాప్ గీస్తే చాలు. భూమి ప్లాన్, మనుషుల ప్లాన్ వేర్వేరు ఆఫీసుల్లో ఒకదాన్నొకటి చూసుకోకుండా తయారవుతున్నాయి.

చింతల్ అమ్మ
పెద్ద పెద్ద విషయాలు రాస్తున్నారు, నాకు అన్నీ అర్థం కాలేదు గానీ జగద్గిరిగుట్ట, చింతల్ పేర్లు చూసి రాస్తున్నాను.

మా పాప ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చేసింది. మొదట ఒక ప్రైవేటు ట్రైనింగ్ సెంటర్‌లో చేర్చాం, అక్కడ సర్టిఫికెట్ ఇచ్చారు, ఉద్యోగం అని దూరం ఊరి ఆఫర్ లెటర్ చేతిలో పెట్టారు. పాప వెళ్లలేదు. వాళ్ల రికార్డులో మాత్రం ప్లేస్‌మెంట్ అయినట్టే ఉంటుంది. తర్వాత తనే పట్టుబట్టి ఐటీఐ చేసింది. ఇప్పుడు ఔటర్ దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో రమ్మన్నారు. ఏ షిఫ్ట్ ఉదయం ఆరింటికి, బీ షిఫ్ట్ అయిపోయేది రాత్రి పదింటికి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, అది మాకు పెద్ద మేలు, కాదనను. కానీ ఆరింటి షిఫ్టుకు మా బస్తీ నుంచి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, మొదటిది దొరికినా రెండోది దొరకదు. రాత్రి పదింటికి గేటు దగ్గర నిలబడితే ఇంటికి ఎలా వస్తుంది? టెన్షన్‌తో నాకు నిద్ర పట్టదు.

కంపెనీ బస్సు ఉందంటే రేపే పంపిస్తాను. పాపకు పని మీద ప్రాణం.

ఐటీఐ మేడం
అమ్మా, మీరు రాసిందే ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద విషయం. మా క్లాసులో బాగా చదివే అమ్మాయిలు కోర్సు అయ్యాక ఇంటి దగ్గర షాపులో కంప్యూటర్ బిల్లింగ్‌కు వెళ్లిపోతారు. నేర్పిన ట్రేడ్ వృథా. పని రాక కాదు, దారి లేక.

కందుకూరు బిడ్డ
నేను కొంచెం వేరే మాట చెప్త, కోపం చేసుకోకండ్రి. నాలుగు జిల్లాలకు ఒకటే ప్లాన్ అంటే మళ్ల అన్నీ సిటీకే పోతయని మాకు భయం. మా దిక్కు ఫార్మా సిటీ అని వేల ఎకరాలు తీసుకున్నరు. భూమి పోయిన ఇండ్లల్ల పిల్లలకు ఉద్యోగాలన్నరు. ఇప్పుడు మీర్‌ఖాన్‌పేటల యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి 2024 ఆగస్టుల శంకుస్థాపన చేసిండ్రు, ఆనంద్ మహీంద్రా గారిని ఛైర్మన్‌గ పెట్టిండ్రు. మంచిగనే ఉంది. మా ఊరి పిల్లగాడికి అందుల సీటు దొరుకుతదా? ఇంటర్ ఫెయిల్ అయిన పిల్లకు ఏ కోర్సు ఉంది? పక్కన ఆదిబట్లల విమానాల భాగాలు తయారైతున్నయ్. అక్కడ సెక్యూరిటీ, క్యాంటీన్ పనులే మావోళ్లకు వస్తే భూమి ఇచ్చి ఏం లాభం? మా మండలాలకు వాటా అని ప్లాన్‌ల రాసి ఉండాలె. జిల్లా ఉంటె కనీసం కలెక్టర్ ఆఫీసుకు పోయి అడుగుతం. హెచ్‌ఎండీఏ ఆఫీసుకు పోతె మమ్మల్ని ఎవరు గుర్తుపడ్తరు?

జీడిమెట్ల ట్రైనర్
తమ్ముడూ, కోపం ఎందుకు? నీ మాట నా మాటకు బలమే. నీ భయం న్యాయమైనది కాబట్టి నా ప్రతిపాదనలో ఒక షరతు చేరుస్తున్నాను. ప్లాన్ నాలుగు జిల్లాలకు ఒకటే, అడిగే హక్కు మాత్రం కలెక్టర్ ఆఫీసులోనే ఉండాలి. నలుగురు కలెక్టర్లు, పరిశ్రమల కేంద్రాల వాళ్లు, ఐటీఐ ప్రిన్సిపాళ్లు, ఆర్టీసీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. భూమి ఇచ్చిన మండలాల పిల్లలకు పక్కనున్న పరిశ్రమలో అప్రెంటిస్ సీట్లు రాతపూర్వకంగా ఉండాలి. ఆదిబట్ల పనికి షీట్ మెటల్, రివెటింగ్, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ తెలిసినవాళ్లు కావాలి. అవి పది పాసైన పిల్లలు నేర్చుకోగల పనులే. ఎక్కడో పుట్టినవాళ్లకే వచ్చే విద్యలు కావు.

హెచ్‌ఆర్ మిత్ర
అప్రెంటిస్ మాట వచ్చింది కాబట్టి నిబంధన చెబుతాను, చాలామందికి తెలియదు. అప్రెంటిస్ చట్టం 1961ది. 2019 సవరణ తర్వాత 30 మంది, అంతకు పైగా సిబ్బంది ఉన్న సంస్థ మొత్తం బలంలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్న చిన్న యూనిట్లకు ఇష్టమైతే తీసుకోవచ్చు. ఆ నిబంధనల్లో ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు రూ.7,000గా పెట్టారు. అప్రెంటిస్‌షిప్‌ను ప్రోత్సహించే కేంద్ర పథకం నాప్స్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా రూ.1,500 కేంద్రం ఇస్తుంది.

పెద్ద కంపెనీల్లో 2.5 దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. 15 దాకా వీలుంది. ఈ బెల్టు మొత్తం మీద ఆ కాస్త పెంచితే కొత్త బిల్డింగ్ ఒక్కటీ కట్టకుండా ఎంతమందికి పని నేర్పొచ్చో ఆలోచించండి.

వెళ్లిపోయిన ఫిట్టర్
నేను ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరి మధ్యలో మానేసినవాడిని. ఇప్పుడు డెలివరీ చేస్తున్నాను. ఓనర్లు మా గురించి "నిలకడ లేదు" అంటారు, అందుకే రాస్తున్నాను.

పని ఇష్టమే. ఫైలింగ్‌లో (ఆకురాయి పని) నేను చేసిన ముక్కను మా సార్ పక్క సెక్షన్ వాళ్లకు చూపించేవారు. కానీ ఊరి నుంచి వచ్చినవాడికి రూమ్‌లో వాటా, మెస్ బిల్లు కట్టేసరికి స్టైపెండ్ అయిపోతుంది. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకుని పని నేర్చుకోవాలి. మా నాన్నను ఎన్ని నెలలు అడగను? డెలివరీలో ఏ వారం డబ్బు ఆ వారం వస్తుంది. అప్రెంటిస్‌లకు ఫ్యాక్టరీ దగ్గర్లో తక్కువ ఫీజుతో ఒక హాస్టల్ ఉండి ఉంటే నేను ఈపాటికి ఫిట్టర్‌ని. నాతో చేరినవాళ్లలో సొంత ఇల్లు సిటీలో ఉన్నవాళ్లే పూర్తి చేశారు. కావాలంటే చూడండి, ఏ కంపెనీలో అయినా అలాగే ఉంటుంది.

బాలానగర్ షాపు
బాబూ, నిన్ను ఎవరూ తప్పుపట్టరు. మా పిల్లలు మానేసినప్పుడు జీతం పెంచాలా, ఓటీ ఇవ్వాలా అని ఆలోచించాం గానీ రూమ్ అద్దె గురించి ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఒక్క షాపు హాస్టల్ కట్టలేదు. మా వాడలో యాభై, అరవై షాపులు కలిస్తే ఒక బిల్డింగ్ అద్దెకు తీసుకోవడం కష్టం కాదు. అసోసియేషన్‌లో ఈ విషయం పెడతాను.

ప్లానింగ్ విద్యార్థి
ఈ రెండు పోస్టులు, చింతల్ అమ్మగారిది కలిపి చదివితే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. స్కిల్ ప్లాన్‌లలో సీట్లు, బ్యాచ్‌లు, సర్టిఫికెట్లు లెక్కపెడతారు. మనిషి మధ్యలో ఆగిపోతున్నది అక్కడ కాదు. హాస్టల్ దగ్గర, బస్సు దగ్గర ఆగిపోతున్నాడు. మెట్రో మూడు లైన్లలో బాలానగర్‌కు స్టేషన్ ఉంది, జీడిమెట్లకు, చర్లపల్లికి, పటాన్‌చెరుకు లేదు. 2025 జనవరిలో చర్లపల్లి పెద్ద రైల్వే టెర్మినల్ అయింది. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల సమయాలు అక్కడి పారిశ్రామిక వాడ షిఫ్టులకు సరిపడేలా అడగడానికి ఇదే సమయం. ట్రైనర్ గారూ, మీ ప్రతిపాదనలో రవాణా ముందు రాయండి, కోర్సులు తర్వాత రాయండి.

అమీర్‌పేట్ ఫ్రెషర్
నాకు వెబ్‌సైట్ చేయడం వచ్చు. ఏ బెల్టులో ఏ ట్రేడ్‌కు ఖాళీలు, ఏ షిఫ్ట్, దగ్గరి బస్ స్టాప్, హాస్టల్ ఉందా లేదా, ఇంతవరకు ఒక పేజీ తయారుచేస్తాను. డేటా ఇవ్వండి చాలు. డబ్బులేం వద్దు.

జీడిమెట్ల ట్రైనర్
చాలా సంతోషం తమ్ముడూ. మొదలు మన మూడు వాడలతో పెడదాం: జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి. హెచ్‌ఆర్ మిత్ర గారు ఫారం తయారుచేయండి, ఒక పేజీ దాటకూడదు, ఓనర్ నింపడానికి ఐదు నిమిషాలు మించకూడదు. బాలానగర్ షాపు గారు అసోసియేషన్‌లో పంచండి. మేడం, మీ ఐటీఐలో చివరి ఏడాది పిల్లలు ఏ ప్రాంతాల నుంచి వస్తున్నారో, పేర్లు లేకుండా, ఏరియా వరకు ఇవ్వగలరా? రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ బస్సు కావాలో మ్యాపే చెబుతుంది. దాన్ని పట్టుకుని నాలుగు జిల్లాల స్కిల్ కమిటీలకూ ఒకే అర్జీ ఇద్దాం. కందుకూరు తమ్ముడూ, రంగారెడ్డి కలెక్టరేట్‌కు నువ్వే రావాలి, మీ మండలాల వాటా మాట నీ నోటితోనే చెప్పాలి.

కందుకూరు బిడ్డ
వస్త అన్నా. మా దోస్తులను గూడ తీసుకొస్త.

ఐటీఐ మేడం
ఇస్తాను. ప్రిన్సిపాల్ గారిని రేపే అడుగుతాను.

చింతల్ అమ్మ
ఆ అర్జీలో ఆరింటి షిఫ్టుకు జీడిమెట్ల డిపో నుంచి ఐదింటికి ఒక బస్సు అని రాయండి సార్. మా వీధిలోనే నలుగురు ఆడపిల్లలు ఆ బస్సు కోసం చూస్తున్నారు. సంతకాలు నేను పెట్టించి తెస్తాను.